హిప్నాసిస్ చేయించుకుంటే మాత్రలు మానేయొచ్చా మేడం?

మొన్న గాజువాక నుంచి ఒక తండ్రి ఫోన్ చేశారు. నమస్కారం కూడా పూర్తికాకుండానే, "మేడం, మా గుంటడికి ఒక్క సిట్టింగులో హిప్నాసిస్ చేసి ఆ ఆలోచనలు తీసేయండి, మాత్రలు మింగలేకపోతున్నాడు" అన్నారు. విశాఖలో క్లినికల్ సైకాలజిస్టుగా 16 ఏళ్లుగా పనిచేస్తున్నాను, ఈ మాట వారానికి ఒకసారైనా వింటాను. అందుకే ఈ పోస్టు.

అపోహ: హిప్నాసిస్ చేయించుకుంటే సైకియాట్రిస్టు రాసిన మందులు ఆపేయొచ్చు.

ఆపకూడదు. బైపోలార్ (కొన్నాళ్లు అతి హుషారు, కొన్నాళ్లు దిగులు), స్కిజోఫ్రీనియా (లేనివి వినపడటం, లేనిపోనివి నమ్మడం) లాంటి జబ్బులకి హిప్నాసిస్ వైద్యం కానే కాదు. లేని మాటలు వినపడుతున్న మనిషిని కళ్లు మూయించి ఇంకా ఊహల్లోకి దింపితే ఒక్కోసారి జబ్బు ముదురుతుంది కూడా. ఇంకో సంగతి, నేను సైకాలజిస్టుని, మందు రాసే అధికారమే నాకు లేదు, అలాంటప్పుడు వేరే డాక్టరు రాసింది ఎలా ఆపిస్తాను?

కొన్నేళ్ల క్రితం ఒక ఇంజనీరింగ్ కుర్రాడు, వివరాలు కొంచెం మార్చి చెబుతున్నా. బైపోలార్‌కి ఇచ్చే లిథియం అనే మందు మీద రెండేళ్లు కుదురుగా ఉన్నాడు. లిథియం వాడేవాళ్లు మధ్యమధ్యలో రక్తపరీక్ష చేయించుకోవాలి, చేతులు కాస్త వణకొచ్చు, దాహం వేస్తుంది, ఆ విసుగు నాకు తెలుసు. ఎవరో "21 రోజుల్లో సబ్‌కాన్షస్ మైండ్ మార్చేస్తాం" అంటే ఇంట్లోవాళ్లు అప్పు చేసి డబ్బు కట్టి, మాత్రలు ఆపించారు. నెలన్నర బాగానే ఉన్నాడు. మోసమంతా ఆ నెలన్నరలోనే ఉంది, ఆపిన మర్నాడే ఏదైనా అయితే ఎవరూ నమ్మరు కదా! తర్వాత మూడు రాత్రులు నిద్ర లేదు, నాలుగో రోజు తెల్లవారుజామున బీచ్ రోడ్డులో వాకింగుకి వచ్చిన వాళ్లందరికీ తన కంపెనీలో ఉద్యోగాలు ఇస్తానని చెబుతూ కనపడ్డాడు. ఐదు వారాలు వార్డులో ఉన్నాడు, ఒక సెమిస్టరు పోయింది. వాళ్లమ్మ "నేనే ఆపించేసేనమ్మా" అని నా ముందు ఏడుస్తుంటే ఏమంటాం? బిడ్డ మత్తుగా పడి ఉండటం చూడలేక చేసిన పని అది. నా కోపం డబ్బు తీసుకున్నవాళ్ల మీద.

మాత్రలు పడకపోతే ఆ మాట మందు రాసిన డాక్టరుకే చెప్పండి, మోతాదు తగ్గిస్తారు, లేదా మందు మారుస్తారు. రాత్రిపూట ఎవరూ దొరక్కపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 ఉంది, తెలుగులోనే మాట్లాడతారు. క్లినికల్ సైకాలజిస్టునని చెప్పుకునే వాళ్లని రిహాబిలిటేషన్ కౌన్సిల్ (మమ్మల్ని నమోదు చేసే కేంద్ర సంస్థ) రిజిస్ట్రేషన్ నంబరు అడగండి. మొహమాటం వద్దు, నన్నూ అడగండి.

హిప్నాసిస్ నిద్ర అనుకోవడం ఇంకో తంటా, ఆ పేరే చేసిన పాపం. స్కాట్లండ్ డాక్టరు జేమ్స్ బ్రెయిడ్ 1840ల్లో ఆ పేరుకి ప్రచారం తెచ్చాడు, గ్రీకులో హిప్నోస్ అంటే నిద్ర. కొన్నేళ్లకి అది నిద్ర కాదని ఆయనకే తోచి పేరు మార్చబోయాడు గానీ అప్పటికే జనం నోళ్లలో పడిపోయింది. సీరియల్లో మునిగిపోయి కుక్కరు ఎన్ని కూతలేసిందో మర్చిపోతాం చూడండి, దాదాపు అలాంటి స్థితి. బయట ఆటో హారన్ వినిపిస్తూనే ఉంటుంది, నచ్చకపోతే లేచి వెళ్లిపోవచ్చు. కొందరికి బాగా పడుతుంది, కొందరికి అసలు పట్టదు, దానికీ తెలివికీ సంబంధం లేదు. నొప్పికి, భయాలకి, మొండి ఐబీఎస్‌కి (తరచూ కడుపునొప్పి, విరేచనాలో మలబద్ధకమో పెట్టే పేగుల సమస్య) థెరపీలో భాగంగా పనికొస్తుంది. ఐబీఎస్ మీద 1984లోనే లాన్సెట్ అనే వైద్య పత్రికలో ట్రయల్ వచ్చింది.

"మా అమ్మాయి ఎవరితో తిరుగుతోందో హిప్నాసిస్‌లో అడిగి చెప్పండి" అనేవాళ్లకి: అడగను. ఆ స్థితిలోనూ అబద్ధం ఆడొచ్చు, అంతకంటే ఘోరం, జరగనిది జరిగినట్టు గట్టిగా నమ్మేయొచ్చు. హిప్నాసిస్‌లో గుర్తొచ్చాయనే గత జన్మలదీ ఇదే కథ. హిప్నాసిస్ నుంచి లేవకపోతే? లేస్తారండీ, మహా అయితే కాస్త కునుకు తీసి లేస్తారు.

గైడెడ్ ఇమేజరీ విషయంలో అపోహ నాదే. కళ్లు మూసుకుని ప్రశాంతమైన చోటు ఊహించుకోమనడం తేలికే, మామిడికాయ ముక్కకి ఉప్పూ కారం అద్దినట్టు తల్చుకుంటేనే నోరూరుతుంది, ఊహకి ఒళ్లు అంతగా స్పందిస్తుంది. వైజాగ్‌లో ఉన్నాం కదా అని కొత్తలో అందరికీ అలల చప్పుడు రికార్డింగే పెట్టేదాన్ని. ఒకసారి పెదజాలరిపేట నుంచి ఒకావిడ వచ్చింది, చేపలమ్ముతుంది, గుండెదడ. అలల చప్పుడు మొదలవగానే ఊపిరి వేగమైంది, చేతులు బిగుసుకున్నాయి. ఆపేశాను. "మా ఆయన ఏటకెళ్లినప్పుడల్లా ఈ సప్పుడే వింటూ కూకుంటానమ్మా" అంది. 2014 హుద్‌హుద్ తుఫానులో వాళ్ల పడవ పోయిందట. మరి ఎక్కడ హాయిగా ఉంటుందని అడిగితే చాలాసేపు ఆలోచించి, "సరుకంతా అమ్ముడైపోయి ఖాళీ బేసిన్ నెత్తినెట్టుకుని ఇంటికొత్తాను సూడండి, ఆ దారి" అంది.

ఆరు వారాలు ఇద్దరం కళ్లు మూసుకుని ఆ దారినే నడిచాం. రికార్డింగ్ ఇప్పుడు నా ఫోన్‌లో లేదు.