మాడ్యులర్ సింథ్ కంట్రోలర్లు: అపోహలు - వాస్తవాలు

మాది పాలకొల్లు పక్కన పల్లెటూరు. చుట్టూ రొయ్యల చెరువులే, వాటి నీటిలో గాలి కలిపే ఏరేటర్లే. నా గదిలో వైర్లు వేలాడే పెట్టెను చూసినవాళ్ళందరూ "ఏరేటర్లకి కొత్త ప్యానెల్ బోర్డా?" అని అడుగుతారు. అది మాడ్యులర్ సింథసైజర్, పొట్టిగా సింథ్. ధ్వని పుట్టించే ముక్క ఒకటి, దాన్ని వడకట్టేది ఇంకొకటి, పెంచి తగ్గించేది మరొకటి. అన్నీ విడివిడిగా ఉంటాయి, వైర్లతో మనమే కలుపుకోవాలి. వాటి మధ్య మాటలన్నీ వోల్టేజీలోనే. నేను చేసేది ఆ పెట్టె కాదు. వాయించేవాళ్ళ వేలి కదలికను అప్పటికప్పుడు వోల్టేజీగా మార్చి దానికి అందించే కంట్రోలర్ చేస్తాను. ఈ పనిలో తరచూ వినబడే మాటలు కొన్ని ఉన్నాయి.

అపోహ: నాబ్‌లు ఎన్ని ఎక్కువుంటే కంట్రోలర్ అంత గొప్పది.

నేనూ అలాగే అనుకుని మొదటిదానికి 32 నాబ్‌లు పెట్టాను. వాయించేటప్పుడు చెయ్యి వెళ్ళింది నాలుగింటి మీదికే. 1928లో జనం ముందుకొచ్చి, తర్వాత మెరుగవుతూ వచ్చిన ఓండ్ మార్తెనో అనే వాద్యాన్ని చూడండి. కుడిచేతి వేలికి తొడుక్కున్న ఉంగరం తీగ వెంట జరుగుతూ శ్రుతిని నడుపుతుంది. ఎడమచేతి కింద ఒక మీట, దాని లోపల గ్రాఫైటు, మైకా పొడి నింపిన చిన్న తోలు సంచి. నొక్కేకొద్దీ ధ్వని పెరుగుతుంది. వాయించేవాడి పనంతా దాదాపు ఈ రెండింటితోనే నడుస్తుంది.

అపోహ: సింథ్‌లో గమకాలు పలకవు, అది పాశ్చాత్య స్వరాలకే.

మన సంగీతం తెలిసినవాళ్ళే ఎక్కువగా అనే మాట ఇది. లెక్క చూద్దాం. ఎక్కువ మాడ్యులర్ సింథ్‌లలో ఒక వోల్టు పెరిగితే మధ్య షడ్జం నుంచి తార షడ్జానికి, అంటే ఒక స్థాయి పైకి చేరతాం. పన్నెండు స్వరస్థానాలకు పంచితే ఒక్కోదానికి సుమారు 83.3 మిల్లీవోల్టులు. అయితే వోల్టేజీకి వీణలాగా మెట్లు లేవు, ఆ 83 మధ్యలో ఎక్కడైనా ఆగొచ్చు. మెట్లు పెట్టేది మనం. 1983లో వచ్చిన మిడి అంటే వాద్యాలు, కంప్యూటర్లు అంకెలతో మాట్లాడుకునే పద్ధతి. అందులో మామూలు కంట్రోల్ సందేశానికి 128 అంకెలే ఉంటాయి. వాటిని అయిదు స్థాయిలకు పరిస్తే ఒక్కో అడుగు దాదాపు అర స్వరస్థానం. దాంతో తోడి రాగంలో గాంధారం ఊపితే నిచ్చెన ఎక్కి దిగుతున్నట్టే ఉంటుంది. తప్పు సింథ్‌ది కాదు, మధ్యలో కూర్చున్న అంకెలది.

అందుకని వేలి కదలికను ఇంకా సన్నటి అంకెలుగా మార్చే 12 బిట్ల కన్వర్టర్ పెడతాం. 4096 అడుగులు, అంటే స్వరస్థానానికి 68. కాగితం మీద చక్కగా ఉంది. కానీ మా వీధిలో సాయంత్రం ఏరేటర్ల మోటార్లు వరసగా స్టార్టయితే, వేలు కదలకపోయినా రీడింగ్ అయిదారు అంకెలు అటూ ఇటూ గెంతుతుంది. ఆ అంకెలను నునుపు చేసే ఫిల్టర్ గట్టిగా పెడితే గెంతడం ఆగుతుంది గానీ, స్వరం వేలి వెనక ఈడ్చుకుంటూ వస్తుంది. చివరికి వేలు నిలకడగా ఉన్నప్పుడు ఫిల్టర్ బిగిసేలా, కదిలితే వదులయ్యేలా ప్రోగ్రామ్ రాశాను. దానికే రెండు నెలలు పట్టింది.

అప్పటికీ వీణ వాయించే మా పిన్నికి నచ్చలేదు. "తీగ లాగితే అది తిరిగి లాగాలిరా, ఇది గాజు మీద వేలు జార్చినట్టుంది" అంది. నిజమే. వేలు జార్చే పట్టీ, అదే రిబ్బన్, దాని కింద స్పాంజీ పెట్టాను, సైకిల్ ట్యూబు పెట్టాను. ఆఖరికి హవాయి చెప్పు అడుగు నుంచి కోసిన రబ్బరు ముక్క సరిపోయింది. దాని కింద ఒత్తిడి సెన్సార్. ఆ సెన్సార్‌తో ఇంకో తంటా: మొదట వేలు ఆనించగానే విలువ సగం మారిపోతుంది, ఆ తర్వాత ఎంత నొక్కినా కొంచెమే కదులుతుంది. ఆ వంపును ప్రోగ్రామ్‌లో సరిచెయ్యకపోతే మెల్లగా వాయించడం ఎవరి తరమూ కాదు.

అపోహ: వేలు కదలడానికీ ధ్వని రావడానికీ మధ్య ఆలస్యం సున్నా ఉండాలి.

అక్కర్లేదు. శబ్దం మీటరు దూరం పోవడానికే సుమారు 3 మిల్లీసెకన్లు పడుతుంది. మూడున్నర మీటర్ల అవతల నిలబడ్డ డోలు మనకి 10 మిల్లీసెకన్లు ఆలస్యంగానే వినిపిస్తుంది, ఊరేగింపులో ఎవరి తాళమూ తప్పట్లేదు. ఇబ్బంది పెట్టేది ఒకసారి 2, ఇంకోసారి 25 అయ్యే ఆలస్యం. నా బోర్డు అలా చేస్తుంటే వారం రోజులు సెన్సార్‌ని తిట్టుకున్నాను. తీరా చూస్తే, అసలు దొంగ బోర్డు మీదున్న బుల్లి స్క్రీన్. బొమ్మ ఒకసారి గీయడానికి 23 మిల్లీసెకన్లు తీసుకుంటూ, అంతసేపూ వేలిని చదవనివ్వడం లేదు.

అపోహ: బల్ల మీద పనిచేస్తే స్టేజీ మీదా పనిచేస్తుంది.

చెన్నైలోనో హైదరాబాద్‌లోనో ఏసీ గదిలో కూర్చున్నవాళ్ళకి ఇది అపోహని తెలిసే అవకాశం తక్కువ. వైశాఖంలో ఒక పెళ్ళి, కొబ్బరితోట మధ్య షామియానా, ఒళ్ళంతా జిడ్డు చేసే ఉక్కపోత. ముట్టుకుంటే పలికే రాగి ప్యాడ్‌లు పన్నెండు ఉన్న కంట్రోలర్ తీసుకెళ్ళాను. అరగంటకి నేను చెయ్యి తీసేసినా నాలుగు ప్యాడ్‌లు వాటంతటవే మోగుతున్నాయి. ఇలాంటి ప్యాడ్ వేలు దగ్గరైతే మారే చిన్న కెపాసిటెన్స్‌ని, అంటే విద్యుత్ ఆవేశాన్ని నిలవ ఉంచుకునే గుణాన్ని కొలుస్తుంది. చెమటలో ఉప్పు, నీరు ఉంటాయి కాబట్టి, ఆ పొర ప్యాడ్‌ల మధ్య పరుచుకుంటే దానికి అదీ వేలే. పెళ్ళివారు కొత్తరకం పాట అనుకున్నారు, టెన్షన్ అంతా నాదే.

ఆ తర్వాత మూడు మార్పులు చేశాను. ప్రతి ప్యాడ్ చుట్టూ ఆ ప్యాడ్ వోల్టేజీతోనే నడిచే ఇంకో రాగి గీత గీశాను, దాంతో తేమ పొర ప్రభావం బాగా తగ్గింది. ముట్టుకోనప్పటి విలువను ఒకసారి కొలిచి వదిలెయ్యకుండా, తేమతోపాటు నెమ్మదిగా సర్దుకునేలా చేశాను. అడాప్టర్ మీద, బ్యాటరీ మీద విడివిడిగా పరీక్షిస్తాను, ఎందుకంటే ఎర్తింగ్ మారితే అదే వేలు వేరే అంకె చూపిస్తుంది.

ఇప్పుడు ఏ కొత్త ప్యాడ్ చేసినా, అమ్మ గంజి వార్చే టైముకి వంటింట్లో ఆ ఆవిరి తగిలేలా పెట్టి చూస్తాను. ఒక్క ప్యాడ్ దానంతటదే మోగినా మళ్ళీ బల్ల దగ్గరికే.