పంది ఐలెట్లపై మన రక్తం ఎందుకు తిరగబడుతుంది

మొదటి రకం మధుమేహం ఉన్న పిల్లలను వెంటబెట్టుకుని తిరుపతిలోని స్విమ్స్, రుయా ఆసుపత్రులకు వచ్చే తల్లిదండ్రుల ఫోన్లకు ఒక వార్త చేరుతూ ఉంటుంది: పంది క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే ఐలెట్ కణాలు ఎక్కిస్తే ఇక సూదులు అక్కర్లేదట. పందులపై పరిశోధన చేసే పశువైద్య విశ్వవిద్యాలయం తిరుపతిలోనే ఉండగా ఆ చికిత్స ఇక్కడ ఎందుకు చేయరన్న ప్రశ్న సహజం. జవాబు మన రక్తంలోనే ఉంది.

ఆశకు ఆధారం లేకపోలేదు. దశాబ్దాలపాటు రోగులను పంది ఇన్సులిన్ బతికించింది. దానికీ మన ఇన్సులిన్‌కూ తేడా ఒక్క అమైనో ఆమ్లమే. అయితే ఇన్సులిన్‌ను సహించిన శరీరం, దాన్ని తయారుచేసే కణాన్ని సహించదు.

స్వీడన్‌లో కార్ల్ గ్రోత్ బృందం పది మందికి పంది పిండాల ఐలెట్లను అమర్చి, 1994లో ఫలితాలు ప్రకటించింది. ఇన్సులిన్‌తో పాటే తయారయ్యే సి-పెప్టైడ్, అదీ పందిది, నలుగురి మూత్రంలో నెలల తరబడి కనిపించింది. అంటే కొన్ని కణాలు బతికాయి. కానీ ఇన్సులిన్ అవసరం ఎవరికీ తగ్గలేదు. పైగా పంది కణాలపై ప్రతిరక్షకాలు (యాంటీబాడీలు) పెరిగాయి. వాటి ప్రధాన గురి ఆల్ఫా గాల్ అనే చక్కెర. అది పందిలో ఉంటుంది, మనలో ఉండదు. మన పేగుల్లోని బాక్టీరియాపైనా అదే ఉండటంతో పసితనం నుంచే దానిపై ప్రతిరక్షకాలు సిద్ధమవుతాయి.

2002లో ఆ చక్కెర లేని పందులు పుట్టాయి. అయినా చిక్కు వీడలేదు, ఎందుకంటే ఎదిగిన పంది ఐలెట్లపై ఆ చక్కెర మొదటినుంచీ తక్కువే. ఐలెట్లను కాలేయానికి వెళ్లే పోర్టల్ సిరలోకి వదులుతారు. రక్తం తగిలిన నిమిషాల్లోనే ప్లేట్‌లెట్లు వాటిని చుట్టేస్తాయి, గడ్డ కడుతుంది, రక్తంలోని కాంప్లిమెంట్ అనే రక్షణ ప్రోటీన్లు కణాల పొరకు చిల్లులు పెడతాయి, తెల్లకణాలు లోపలికి చొరబడతాయి. స్వీడన్‌లోని ఉప్సాలా పరిశోధకులు 1990ల చివర్లో బయటపెట్టిన ఈ దాడే నా దృష్టిలో ఈ చరిత్రకు కీలకం. పరాయి కణాలను గుర్తించి చంపే టి కణాలు రంగంలోకి దిగకముందే ఐలెట్లలో పెద్ద భాగం నశిస్తోందని అది చూపింది.

తట్టుకుని నిలిచిన ఐలెట్లలోకి రోగి సొంత రక్తనాళాలు పాకుతాయి, దాంతో ప్రతిరక్షకాల ముప్పు తగ్గుతుంది. అప్పుడిక టి కణాల వంతు. 2006లో రెండు బృందాలు కోతుల్లో పంది ఐలెట్లను మూడు నెలలకు పైగా పనిచేయించాయి. అందుకు వాడిన మందుల్లో టి కణాలను ఉసిగొల్పే సిడి154 అనే ప్రోటీన్‌ను అడ్డుకునే ప్రతిరక్షకం ఒకటి. ఆ తరహా తొలి మందు మనుషుల్లో రక్తం గడ్డకట్టించడంతో ప్రయోగాలు ఆపేయాల్సి వచ్చింది. ఆ లోపాన్ని సవరించిన కొత్త రూపాలు ఇప్పుడు వచ్చాయి. 2024లో బోస్టన్‌లో పంది మూత్రపిండం అమర్చిన రోగికి ఇచ్చిన మందుల్లో అలాంటిదీ ఉంది.