మగ గప్పీల ట్యాంకులో ఒక్క ఆడచేపను వెయ్యకండి: అపోహలు - వాస్తవాలు

ఆదివారం వస్తే నా ఫోన్‌కి వచ్చే వీడియోలన్నీ దాదాపు ఒకేలా ఉంటాయి. రంగురంగుల మగ గప్పీలు (అక్వేరియంలో పెంచే చిన్న చేపలు) ఒకదాని వెంట ఒకటి పరిగెడుతుంటాయి, వెనక ఎవరో పిల్లాడు "డాడీ, కొట్టుకుంటున్నాయి" అని అరుస్తుంటాడు. కింద మెసేజ్: "అన్నా, ఒక ఫీమేల్ వేస్తే సెట్ అవుతాయంట కదా?" హైదరాబాద్‌లో ఇళ్లకి వెళ్లి అక్వేరియంలు చూసుకోవడమే నా పని. దీనికి జవాబు చెప్పీ చెప్పీ విసుగొచ్చింది, అందుకే ఒకసారి రాసి పెడుతున్నా.

అపోహ: మగవే ఉంటే కొట్టుకుని చస్తాయి, ఒక ఆడది ఉంటే శాంతిస్తాయి.

వాస్తవం: సరిగ్గా తలకిందులు. మీరు కొట్లాట అనుకునేదాంట్లో సగం అసలు కొట్లాటే కాదు. ఒక మగది ఇంకోదాని పక్కకి చేరి, తోక విప్పుకుని, ఒళ్లు వంచి వణికిస్తుందే, అది ఆడచేపని ఆకట్టుకోవడానికి చేసే ఆట. ఆడవి లేకపోతే పక్కనున్న మగదాని ముందే చేస్తుంది. మిగతాది ఎవరు పెద్ద అని తేల్చుకోవడం. తగినన్ని చేపలు, తగినంత చోటు ఉంటే చాలా ట్యాంకుల్లో కొద్ది రోజులకి అదీ సద్దుమణుగుతుంది.

ఇప్పుడు అందులో ఒక్క ఆడచేపని వేశారనుకోండి, అన్నీ కలిసి దాని వెంటే పడతాయి. పెళ్లి భోజనాల్లో వెయ్యిమంది వచ్చాక ఒక్క ఐస్‌క్రీమ్ కప్పు బయటపెట్టినట్టు ఉంటుంది ఆ దృశ్యం. ఆడా మగా కలిపి పెంచేవాళ్లకి ఒక మగదానికి రెండో మూడో ఆడవి ఉండాలని చెప్పేదే ఇందుకు, ఆ వేధింపు ఒక్కదాని మీదే పడకూడదని. ఎనిమిది మగవాటికి ఒక ఆడది అంటే లెక్క ఎంత తిరగబడిందో చూడండి. పాపం అది ఫిల్టర్ వెనక దాక్కుని, మేతకి పైకి రాక, కొద్ది రోజుల్లో చచ్చి తేలొచ్చు. మగవాటికి కూడా అసలైన పోటీ అప్పుడే మొదలవుతుంది, తోకలు చిరిగేది అప్పుడు.

బతికితే ఇంకో తలనొప్పి. మగవాటితో కలిపి ఉంచిన తొట్టెలోంచి తెచ్చిన ఆడ గప్పీ దాదాపుగా కడుపుతోనే ఉంటుంది. ఒక్కసారి జత కడితే ఆ వీర్యాన్ని నెలల తరబడి లోపల దాచుకుని, మగది కంటికి కనపడకపోయినా మూడు నాలుగు వారాలకోసారి పిల్లల్ని పెడుతూనే ఉంటుంది. కాన్పుకి 20, 30, పెద్ద చేపైతే ఇంకా ఎక్కువ. కొన్నింటిని పెద్దవి తినేస్తాయి నిజమే, మొక్కలుంటే చాలానే మిగులుతాయి, వాటిలో సుమారు సగం ఆడవే. రెండు మూడు నెలలకి అవీ కడుపుతో.

మియాపూర్‌లో ఒక మేడమ్ వాళ్లింట్లో చక్కటి మగ గప్పీల ట్యాంకు ఉండేది, రెండడుగులది, ఏ గొడవా లేదు. బంధువొకాయన "మగవే ఉంటే ఎలాగమ్మా" అని ఒక ఆడచేపని కవర్లో తెచ్చిచ్చి వెళ్లాడు. కొన్నాళ్లకి నన్ను పిలిస్తే వెళ్లి చూశా. ట్యాంకు నిండా పిల్లలు, నీళ్లు మసకగా ఉన్నాయి, చేపల వ్యర్థాల నుంచి పుట్టే విషం అమ్మోనియా పెరిగి పెద్దవి నీటి పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. ఆవిడ కళ్లనీళ్లు పెట్టుకుంది, "నేనేం తప్పు చేశానండీ" అని. ఆవిడ తప్పేం లేదు. సలహా ఇచ్చినాయన మాత్రం మళ్లీ ఆ ట్యాంకు దగ్గరికి రాలేదు.

మరి నిజంగానే ఒకటి ఇంకోదాన్ని వదలకుండా తరుముతుంటే? ముందు ఎన్ని ఉన్నాయో చూడండి. రెండో మూడో ఉంటే అదే సమస్య, బలహీనమైనది ఎప్పుడూ దొరికిపోతుంది. ఆరు, అంతకన్నా ఎక్కువ ఉంటే కోపం అందరికీ పంచబడుతుంది. 2×1×1 అడుగుల ట్యాంకులో దాదాపు 55 లీటర్లు పడతాయి, ఫిల్టర్ కుదురుకున్నాక (అంటే అమ్మోనియాని తినే సూక్ష్మజీవులు అందులో పెరిగాక) ఎనిమిది పది మగవి హాయిగా ఉంటాయి. ఒకే సైజువి, వీలైతే అన్నీ ఒకేసారి వెయ్యండి. హైడ్రిల్లా, జావా మాస్ లాంటి నీటి మొక్కలు గుబురుగా ఉంటే తరిమేదాని కంట పడకుండా పోయే చోటు దొరుకుతుంది. అయినా ఒక రౌడీ మిగిలితే దాన్ని నాలుగు రోజులు ట్యాంకులోనే తగిలించే చిన్న పెట్టె, బ్రీడింగ్ బాక్స్‌లో పెట్టి, ఈలోగా రాళ్లు, మొక్కలు అటూ ఇటూ మార్చి, అప్పుడు వదలండి. చాలాసార్లు అదే సర్దుకుంటుంది.

తోక చిరిగిందని వెంటనే షాపుల్లో చేపలకి అమ్మే నీలం మందు, పసుపు మందు పొయ్యకండి. అంచు శుభ్రంగా ఉంటే మంచి నీళ్లలో దానంతటదే పెరుగుతుంది. అంచు తెల్లబడి కరిగిపోతున్నట్టుంటే అది ఫిన్ రాట్ (రెక్కలు కుళ్లే జబ్బు), ముందు నీళ్ల సంగతి చూడాలి.

ఇక మిగతావి గబగబా. "ఆడతోడు లేకపోతే దిగులుతో త్వరగా చస్తాయి": లేదు, వాటి ఆయుష్షే రెండేళ్లు అటూ ఇటూ. "మా ఆడచేప మగదిగా మారిపోయింది": మారలేదు, ఆలస్యంగా రంగు వచ్చిన మగది అది. "ఆర్వో నీళ్లు పోస్తే మంచిది": వద్దు, గప్పీలకి కాస్త సున్నం ఉన్న బోరు నీళ్లే పడతాయి, కుళాయి నీళ్లైతే క్లోరిన్‌ని పోగొట్టే యాంటీ క్లోరిన్ మందు వేస్తే చాలు. "బెట్టా కూడా మగదే కదా, కలిపి పెట్టొచ్చు": బెట్టా అంటే కొట్లాటకి పేరుపడ్డ ఫైటర్ చేప, గప్పీ తోక చూసి ఇంకో బెట్టా అనుకుని చీల్చేస్తుంది, వద్దంటే వద్దు.

కొనేటప్పుడు రంగు ఒక్కటే చూసి మోసపోకండి, ఈమధ్య ఆడవాటి తోకలకీ రంగులొస్తున్నాయి. కడుపు కింద రెక్క చూడండి. సన్నగా పుల్లలా ఉంటే మగది, విసనకర్రలా ఉంటే ఆడది. మరీ చిన్నవాటిలో తేడా తెలియదు, అలాంటివి తీసుకోకండి.

ఇప్పటికే పిల్లలు పుట్టేసి ఉంటే మాత్రం చెరువులోనో నాలాలోనో వదిలెయ్యకండి, దోమల్ని తింటాయిలే అని అస్సలు అనుకోకండి, అక్కడ పెరిగిపోయి స్థానిక చేపల మేతకీ పిల్లలకీ ఎసరు పెడతాయి. దగ్గర్లోని అక్వేరియం షాపులో అడగండి, చాలామంది తీసుకుంటారు. డబ్బులు మాత్రం ఆశించకండి, మేత ప్యాకెట్ ఒకటి ఇచ్చినా గొప్పే.