సహచరుల ప్రణయాలు, అభిమానుల మాడ్‌లు: గొంతు దాకా వచ్చిన పేచీ

2023 జులైలో కొందరు డబ్బింగ్ కళాకారులు సోషల్ మీడియాలో ఘాటుగా స్పందించారు. 2011లో వచ్చిన ‘స్కైరిమ్’ అనే ఫాంటసీ ఆటలో తాము పలికిన మాటలను కృత్రిమ మేధకు నేర్పించి, తాము ఎన్నడూ పలకని మాటలను, అందులోనూ అశ్లీల సంభాషణలను, తమ గొంతుతోనే పలికించి అభిమానులు మాడ్‌లుగా (ఆటకు సొంతంగా చేసే మార్పులుగా) పంచుకుంటున్నారన్నది వారి ఫిర్యాదు. బయటివారికి ఇది కృత్రిమ మేధ తెచ్చిన కొత్త తగవులా కనిపించింది. నిజానికి ఆటలోని సహచరులను ఎవరు ప్రేమించవచ్చు, ఆ ప్రేమకథను ఎవరు రాయవచ్చు అన్న పేచీకి పాతికేళ్ల చరిత్ర ఉంది. అది గొంతు దాకా ఎలా వచ్చిందో అర్థం కావాలంటే, ఆటల్లో పాత్రలకు గొంతే పెద్దగా లేని రోజుల నుంచి మొదలుపెట్టాలి.

ఆటగాడే ఒక పాత్రగా మారి కథ నడిపే రోల్ ప్లేయింగ్ ఆటల్లో అతడి వెంట కథ పొడవునా కొందరు సహచరులు నడుస్తారు. వారితో మాట్లాడుతూ, వారి పనులు చక్కబెడుతూ ఉంటే స్నేహం ముదురుతుంది, కొందరితో అది ప్రేమగా మారుతుంది. ఈ ఏర్పాటు మరీ కొత్తదేమీ కాదు. 1997లో వచ్చిన ‘ఫైనల్ ఫాంటసీ 7’లోనే ఆట తెర వెనుక మార్కులు వేసుకుంటూ పోయి, ఒక వినోద ఉద్యానంలో కథానాయకుడి వెంట షికారుకు ఎవరు రావాలో వాటిని బట్టి తేల్చేది. ఏరిత్, టీఫా, యూఫీలతో పాటు బారెట్ అనే భారీకాయుడు కూడా ఆ వరుసలో ఉన్నాడు. ఆ కాలానికి అదో చిలిపి సరదా. సంభాషణలతో అంచెలంచెలుగా సాగే ప్రణయాన్ని పాశ్చాత్య ఆటల్లో స్థిరపరిచింది మాత్రం కెనడా సంస్థ బయోవేర్ 2000 సెప్టెంబరులో విడుదల చేసిన ‘బాల్డర్స్ గేట్ 2’.

అందులో పురుష పాత్రతో ఆడేవారికి ముగ్గురు ప్రియురాళ్లు: జహీరా, ఏరీ, వికోనియా. స్త్రీ పాత్రతో ఆడేవారికి దక్కినవాడు ఒక్కడే, ఆనోమెన్. నైట్ హోదా కోసం తహతహలాడే ఈ యువకుడు తన పరాక్రమం గురించి తానే చెప్పుకుంటూ ఉంటాడు. అతడిని భరించలేని ఆటగాళ్లకు వేరే దారి లేదు. జహీరా సంగతి మరో రకం. ఆట మొదట్లోనే ఆమె భర్త ఖాలిద్ శవం కనిపిస్తుంది, ఆ కన్నీరు ఆరకముందే ప్రేమ సంభాషణలు మొదలవుతాయి. దీనిపై అప్పుడూ విమర్శలు వచ్చాయి, ఇప్పుడూ వస్తుంటాయి. అయినా ఆ రాతలో ఉన్న నిదానం, పరిణతి ఆ తర్వాతి ఆటల్లో చాలావాటికి అబ్బలేదని నా అభిప్రాయం.

ఇక్కడ కాస్త ఆగి, ఆ ప్రేమ యంత్రం లోపల ఎలా ఉండేదో చూడాలి, ఎందుకంటే తర్వాతి కథంతా అక్కడి నుంచే వచ్చింది. ప్రతి ప్రణయానికీ ఆటలో ఒక చరరాశి ఉంటుంది. దాని విలువ 1 అయితే వ్యవహారం నడుస్తోందని, 2 అయితే మనసులు కలిశాయని, 3 అయితే తెగిపోయిందని అర్థం. దాని పక్కనే ఒక గడియారం, ఒక లెక్క. నిర్ణీత సమయం గడవగానే, దగ్గర్లో శత్రువులు లేకపోతే సహచరి తానే వచ్చి పలకరిస్తుంది. ఆ మాటలు ముగిశాక లెక్క ఒకటి పెరుగుతుంది, గడియారం మళ్లీ మొదటికొస్తుంది. అభిమానులు వీటిని ‘లవ్ టాక్స్’ అంటారు. మాటల్లో ఎక్కువ భాగం తెర మీద అక్షరాలే. గాత్రం ఎక్కడో ఒక వాక్యానికి, ఒక నిట్టూర్పుకు మాత్రమే వినిపిస్తుంది. అంటే కొత్త ప్రణయం తయారు చేయాలంటే కావలసినవి రాయగల చేయి, ఆటను నడిపే ఆదేశాలు రాసే కొద్దిపాటి పరిజ్ఞానం, ఓపిక. స్టూడియో అక్కర్లేదు, నటులు అక్కర్లేదు. తెర మీద మాట అధికారిక రచయితదైనా, ఇంట్లో కూర్చున్న అభిమానిదైనా ఒకే అచ్చులో కనిపిస్తుంది.

ఆ అవకాశాన్ని అభిమానులు అంది పుచ్చుకున్నారు. మొదట ఒక సాంకేతిక చిక్కు ఎదురైంది. ఆటలోని వాక్యాలన్నీ ఒకే పెద్ద ఫైలులో ఉండేవి. ఒక మాడ్ ఆ ఫైలును మార్చేస్తే రెండో మాడ్ పనిచేయదు. కాబట్టి ఏదో ఒక ప్రేమతోనే సరిపెట్టుకోవాలి. ‘వైడూ’ అనే పనిముట్టు ఈ చిక్కును విప్పింది. పాత ఫైలు మీద కొత్తది రుద్దకుండా, ఉన్న సంభాషణల్లోకి కొత్త వాక్యాలను చేర్చడం, అక్కర్లేదనుకుంటే తిరిగి తీసేయడం దీనితో సాధ్యమైంది. దీన్ని తయారుచేసిన అభిమానే సొలాఫిన్ అనే డ్రౌ (పాతాళంలో ఉండే కల్పిత జాతి) యోధుడిని సహచరుడిగా, ప్రేమికుడిగా మార్చే మాడ్‌నూ రాశాడు. అసలు ఆటలో సొలాఫిన్ ఒక పాతాళ నగరంలో కాసేపు కనిపించి వెళ్లిపోయే పాత్ర. ఒక ప్రేమకథను ఆటలోకి ఎక్కించే పని నుంచి పుట్టిన పనిముట్టు ఆ తరం ఆటల మాడ్‌లన్నిటికీ పునాది అయింది.

ఆనోమెన్‌తో విసిగినవారి కోసం కెల్సీ అనే మాంత్రికుడు వచ్చాడు. నాలియా అనే జమీందారు కూతురికి ప్రణయ కథ వచ్చింది. ఇమొయెన్‌కూ వచ్చింది, దానితో పెద్ద దుమారమే లేచింది. ఇమొయెన్ కథానాయకుడితో కలిసి పెరిగిన పిల్ల, ఇద్దరిదీ ఒకే తండ్రి రక్తమని ఆటే బయటపెడుతుంది. ఇలాంటిది రాయవచ్చా అని కొందరు, ఇష్టం లేనివారు వేసుకోకండి అని కొందరు. మాడ్‌ల చుట్టూ నేటికీ వినిపించే రెండు వాదనలూ అప్పుడే స్థిరపడ్డాయి. ఇంకోవైపు, లింగం, జాతి నిబంధనలను ఎత్తేసే చిన్న చిన్న మాడ్‌లు వచ్చాయి. ఒకేసారి పలువురిని ప్రేమించనిచ్చేవి వచ్చాయి. ఏం చేసినా ప్రేమ తెగిపోకుండా చూసేది కూడా ఒకటుంది. దాన్ని చూస్తే నవ్వూ వస్తుంది, జాలీ వేస్తుంది.

ఆ రోజుల్లో రచయితలకు, అభిమానులకు మధ్య గోడ అంత ఎత్తుగా లేదనడానికి ఒక ఉదాహరణ చాలు. బయోవేర్ రచయిత డేవిడ్ గైడర్, ‘బాల్డర్స్ గేట్ 2’ అనుబంధ కథ ముగింపు తాను అనుకున్నట్టు రాలేదని ‘అసెన్షన్’ పేరుతో తానే ఒక మాడ్ తయారుచేసి అభిమానుల మధ్యకు వదిలాడు.

2009 నవంబరులో ‘డ్రాగన్ ఏజ్: ఆరిజిన్స్’ వచ్చేసరికి పరిస్థితి మారింది. గైడర్ దానికి ప్రధాన రచయిత. ఆట తయారీ పనిముట్లను బయోవేర్ ఉచితంగానే ఇచ్చింది, కానీ ఈసారి సహచరుల ప్రతి మాటా రికార్డయిన గాత్రమే. అలిస్టెయిర్ స్త్రీ పాత్రను మాత్రమే, మోరిగన్ పురుష పాత్రను మాత్రమే ప్రేమిస్తారు. లెలియానా, జెవ్రాన్‌లకు ఆ పట్టింపు లేదు. మొదటి ఇద్దరికీ ఈ లింగ నిబంధన అనే గడియ తీసే మాడ్‌లు వచ్చాయి. అయితే గడియ తీయడం వేరు, కొత్త మాట రాయడం వేరు. పురుష పాత్రతో అలిస్టెయిర్ ప్రేమలో పడినా అతడు పలికేది స్త్రీ కోసం రికార్డు చేసిన వాక్యాలే. పక్కనున్నవారు ఆ జంటను ఆటపట్టిస్తూ మాట్లాడుకునేటప్పుడు ‘ఆమె’ అనే అంటారు. ‘బాల్డర్స్ గేట్’ కాలంలో ఒక అక్షరం దిద్దితే సరిపోయే తప్పు ఇది. ఇప్పుడు దిద్దాలంటే నటుడు కావాలి. అభిమాని రచయిత స్థానం నుంచి తాళాలు తీసేవాడి స్థానానికి దిగిపోయాడు.

2011లో వచ్చిన ‘డ్రాగన్ ఏజ్ 2’ ప్రధాన ఆటలో ప్రణయానికి పాత్రులైన నలుగురు సహచరులూ కథానాయక పాత్ర స్త్రీ అయినా పురుషుడైనా ప్రేమించేలా ఉన్నారు. ఆట స్త్రీలను ఇష్టపడే పురుష ఆటగాళ్లను చిన్నచూపు చూసిందని ఒకరు ఫిర్యాదు చేస్తే, ఈ ప్రణయాలు ఎవరో ఒక వర్గం కోసం కాదని, అందరి కోసమని గైడర్ బదులిచ్చాడు. 2014లో ‘ఇన్‌క్విజిషన్’ మళ్లీ హద్దులు గీసింది, ఈసారి మరింత సూక్ష్మంగా. డోరియన్ పురుషులనే ప్రేమిస్తాడు, సెరా స్త్రీలనే. కాసాండ్రా పురుషులను మాత్రమే, కల్లెన్ మానవ, ఎల్ఫ్ (మొనదేలిన చెవుల కల్పిత జాతి) స్త్రీలను మాత్రమే, సోలస్ ఎల్ఫ్ స్త్రీని మాత్రమే ఒప్పుకుంటారు. ఈ ఆటకు తయారీ పనిముట్లు ఇవ్వలేదు. అభిమానులే ఫైళ్లను ఛేదించి దారి చేసుకున్నారు.

అన్ని గడియలూ ఒకటి కావని తేలింది ఇక్కడే. కల్లెన్ ఒక డ్వార్ఫ్ (పొట్టి జాతి) స్త్రీని ఎందుకు ప్రేమించకూడదో కథలో ఎక్కడా కారణం కనిపించదు. మాడ్‌తో ఆ గడియ తీస్తే జరిగే నష్టమల్లా ముద్దు సన్నివేశంలో ఎత్తులు కుదరక పెదవులు గాలిలో కలవడమే. సోలస్ విషయం అలా కాదు. ఎల్ఫ్ ప్రేయసి ముఖం మీది పచ్చబొట్లు పూర్వం బానిసలకు వేసిన గుర్తులని చెప్పి, వాటిని తుడిచేస్తానని అతడు అడిగే ఘట్టమే ఆ ప్రణయానికి ఆయువుపట్టు. పచ్చబొట్లే లేని పాత్రకు ఆ మాటలు అన్వయించవు. ఇక డోరియన్ తండ్రి, కొడుకు స్వభావాన్ని రక్త మంత్రంతో మార్చేయాలని చూసినవాడు. ఆ గాయమే డోరియన్ కథ. అతడిని స్త్రీలకూ దక్కేలా మార్చే మాడ్, తండ్రి వల్ల కాని పనిని ఆటగాడి చేత చేయిస్తుంది. అలాగని దాన్ని నిషేధించాలని నేను అనను. సొంత కంప్యూటర్‌లో ఎవరి డోరియన్ వారిష్టం. దాన్ని సమానత్వం పేరుతో సమర్థించుకోవడమే నాకు మింగుడుపడదు.

స్కైరిమ్ వీటన్నిటికీ భిన్నంగా, గడియల బెడద లేకుండా మొదలైంది. మారా దేవత తాయెత్తు మెడలో వేసుకుని, పెళ్లికి ఒప్పుకునేవారితో మాట్లాడితే చాలు, లింగభేదం లేకుండా పెళ్లి జరిగిపోతుంది. పెళ్లయ్యాక జీవిత భాగస్వామి రోజుకోసారి వండి పెట్టడం, వ్యాపారం నడిపి రోజుకు 100 బంగారు నాణేలు చేతిలో పెట్టడం, కలిసి పడుకుని లేస్తే నైపుణ్యాలు 15 శాతం వేగంగా పెరగడం. ప్రేమ మాటకు అందులో చోటు తక్కువ. అసలు ప్రేమించదగ్గ పాత్ర 2012లో ‘డాన్‌గార్డ్’ అనుబంధంతో వచ్చింది. సెరానా అనే రక్తపిశాచి కన్య, వెంట నడుస్తూ తన కుటుంబం గోడు చెప్పుకుంటుంది, ఎదురు ప్రశ్నలు వేస్తుంది. తాయెత్తు వేసుకుని ఆమె ముందు నిలబడితే మాత్రం సున్నితంగా తప్పుకుంటుంది.

ఆ ‘కాదు’ను అభిమానులు ఒప్పుకోలేదు. ఒక మాడ్ ఆటలో అప్పటికే రికార్డయి ఉన్న ఆమె మాటలను వాడుకుని పెళ్లికి ఒప్పించింది. చాలాకాలం తర్వాత వచ్చిన ‘సెరానా డైలాగ్ యాడ్ ఆన్’ మరో దారి పట్టింది. అసలు నటి లారా బెయిలీని పోలిన గొంతున్న మరో నటితో కొత్త సంభాషణలు రాసి పలికించింది. ఇంకొందరు ఉన్న పాత్రల జోలికే పోకుండా విల్యా, ఇనిగో వంటి సహచరులను మొత్తంగా తామే సృష్టించి, గాత్రం ఇచ్చి ఆటలోకి దించారు. ఇనిగోతో ప్రణయం లేదు, స్నేహమే. స్కైరిమ్ మాడ్‌లలో అత్యంత ఆదరణ పొందిన సహచరుల్లో అతడొకడు కావడం ముచ్చటైన విషయం.

ఈ మూడు దారులకూ శ్రమ ఎక్కువ, ఫలితం పరిమితం. కృత్రిమ మేధ నాలుగో దారి చూపింది. ఆటలో వేల వాక్యాలు పలికిన నటుల గాత్రం ఫైళ్ల రూపంలో ప్రతి ఆటగాడి దగ్గరా ఉంది. దాన్ని నమూనాగా ఇస్తే కొత్త వాక్యాన్ని అదే గొంతుతో వినిపించవచ్చు. రాసిన మాట వెంటనే పాత్ర నోట పలుకుతుంది. ‘బాల్డర్స్ గేట్ 2’ నాటి స్వేచ్ఛ అభిమానులకు తిరిగి వచ్చినట్టే. వారి ఉత్సాహం నాకు అర్థమవుతుంది. కానీ ఆ రోజుల్లో సొలాఫిన్‌కు కొత్త ప్రేమలేఖ రాస్తే తీసుకున్నది ఊహాజనితమైన పాత్రనే. ఆ పాత్రకు సమ్మతి అనేదే లేదు. సెరానా గొంతును నమూనాగా తీసుకుంటే తీసుకున్నది ఒక మనిషి గొంతును. పాత్ర ‘కాదు’ అనడాన్ని తుడిచేయడం, ఆ నటి ‘కాదు’ అనడాన్ని తుడిచేయడం ఒకటి కాదు. ఈ తేడాను పట్టించుకోకుండా, పాత ఇమొయెన్ తగవులో చెప్పిన ‘ఇష్టం లేకపోతే వేసుకోకండి’ సమాధానాన్నే ఇక్కడా చెబుతున్నవారు చాలామంది.

ఇదే సమయంలో అధికారిక ఆటలు గడియలను దాదాపు వదిలేశాయి. 2023 ఆగస్టులో లారియన్ సంస్థ తెచ్చిన ‘బాల్డర్స్ గేట్ 3’లో ప్రణయానికి అవకాశమున్న సహచరులెవరికీ లింగం, జాతి పట్టింపు లేదు. ముందస్తు విడుదల కాలంలో ఆటగాళ్లు హాల్సిన్ అనే పాత్ర మీద చూపిన మోజును గమనించి అతడినీ ప్రేమికుల జాబితాలో చేర్చారు. 2024లో వచ్చిన ‘డ్రాగన్ ఏజ్: ద వేల్‌గార్డ్’లోనూ ఏడుగురు సహచరులూ అందరికీ అందుబాటులోనే ఉన్నారు. తీయడానికి గడియ లేకపోతే మాడ్ రాసేవారికి మిగిలేది కొత్త మాటే. 2024 సెప్టెంబరులో లారియన్ అధికారిక మాడ్ పనిముట్లు ఇచ్చినా, అందులో కథను తిరగరాసే సౌకర్యం ఇవ్వలేదు. అభిమానులు వెంటనే దాని తాళమూ తీశారు. అయితే ఆస్టేరియన్ అనే సహచరుడి మాటల్లో గొంతు ఒక్కటే కాదు, నటుడు నీల్ న్యూబన్ ముఖకవళికలు, ఒంటి విరుపులు కూడా ఉన్నాయి. 2023 డిసెంబరులో గేమ్ అవార్డ్స్‌లో ఉత్తమ నటన పురస్కారం అతడికి వచ్చింది అందుకే. కొత్త వాక్యం చేర్చాలంటే అదంతా అరువు తెచ్చుకోవాలి.

ఈ తగవులో ఇప్పటిదాకా స్థిరపడిన నియమాల్లో చెప్పుకోదగ్గవి రెండు. మాడ్‌ల పంపిణీలో పెద్దదైన నెక్సస్ మాడ్స్, 2001లో ‘మారోవిండ్’ అనే ఆట అభిమానుల స్థావరంగా మొదలైన సంస్థ. కృత్రిమ గాత్రాన్ని అది పూర్తిగా నిషేధించలేదు. గాత్రం తమదని కళాకారులు ఫిర్యాదు చేస్తే తొలగిస్తామంది. అంటే వెతికి పట్టుకునే బాధ్యత కళాకారులదే. రెండోది అమెరికాలో నటుల సంఘం శాగ్ ఆఫ్ట్రా 2024 జులైలో ఆటల కంపెనీల మీద మొదలుపెట్టి, 2025లో ముగించిన సమ్మె ఫలితం. గాత్రానికి కృత్రిమ నకలు చేయాలంటే కళాకారుల సమ్మతి, పారితోషికం ఉండాలని ఆ ఒప్పందం చెబుతుంది. దాని మీద సంతకం పెట్టినవి కంపెనీలు. మాడ్ రాసే అభిమాని అందులో పక్షం కాదు.