కొరియన్ ‘మల్’: గుర్రమా, మాటా, కొలతా?

‘కాళ్లు లేని మల్ వెయ్యి రీలు పోతుంది’ అని కొరియాలో ఒక సామెత. రీ అంటే సుమారు 400 మీటర్లు. నోరు జారితే ఆ మాట ఎక్కడెక్కడికో పాకుతుంది, జాగ్రత్త అని దాని భావం. సామెతలోని కొంటెతనమంతా ‘మల్’లోనే ఉంది. అది మాట, అదే గుర్రం.

ఇంకా ఉన్నాయి. ధాన్యం కొలిచే పాత్ర మల్. యుత్ అనే ఆటలో గడుల మీద నడిపే కాయా మల్లే. కొరియన్ డ్రామాలు చూసి భాష మొదలుపెట్టినవాళ్లకు ఇక్కడ టెన్షన్ పట్టుకుంటుంది, ఒక్క పదానికి ఇన్ని అర్థాలేమిటని. నిజానికి ఇది ఒక్క పదం కాదు. వేర్వేరు పదాలు కాలక్రమంలో ఒకే రూపానికి వచ్చి చేరాయి.

సేజోంగ్ రాజు 1443లో కొత్త లిపిని రూపొందించి, 1446లో ప్రకటించాడు. అప్పటి కొరియన్‌లో స్వరం ఎత్తు మారితే అర్థం మారేది. అందుకే అక్షరం పక్కన చుక్కలు పెట్టేవారు: హెచ్చు స్వరానికి ఒకటి, కింది నుంచి పైకి లేచే స్వరానికి రెండు, తగ్గు స్వరానికి ఏమీ లేదు. మాట అనే మల్‌కు రెండు చుక్కలు, కొలపాత్రకు ఒకటి. గుర్రానికైతే అచ్చే వేరు. అది అ, ఒ లకు నడుమ పలికే అచ్చు. దాని గుర్తు చిన్న చుక్క, ఇప్పటి పేరు ‘అరే-ఆ’.

16వ శతాబ్దం ముగిసేసరికి పక్క చుక్కలు రాతలోంచి జారిపోయాయి. పైకి లేచే స్వరం దీర్ఘంగా మిగిలింది కానీ, దాన్ని రాసే అలవాటు లేదు. పదాల మొదట్లోని అరే-ఆ 18వ శతాబ్దంలో ‘అ’లో కలిసిపోయింది. అక్షరం మాత్రం ఇంకా కొన్నాళ్లు నిలిచి, 1933 నాటి ఏకీకృత వర్ణక్రమంతో పోయింది. మనకిది కొత్తేమీ కాదు. అరసున్న ఉన్నన్నాళ్లూ సంవత్సరం ‘ఏఁడు’, అంకె ‘ఏడు’. ఇప్పుడు రెండూ ఒకటే.

జెజు దీవిలో పెద్దవాళ్లు గుర్రాన్ని నేటికీ ఆ పాత అచ్చుతోనే పలుకుతారు. గుర్రం పేరు అక్కడే నిలవడం ముచ్చటైన విషయం. 13వ శతాబ్దంలో మంగోలులు గుర్రాల పెంపకం పెట్టింది ఆ దీవిలోనే. ‘మనిషి పుడితే సియోల్‌కు పంపు, గుర్రం పుడితే జెజుకు పంపు’ అనే సామెత కూడా ఉంది. గుర్రానికి మంగోలియన్‌లో ‘మోరి’, చైనీస్‌లో ‘మా’ అంటారు. వీటికీ కొరియన్ పదానికీ చుట్టరికం ఉందా అన్నది పండితుల్లో ఎడతెగని చర్చ.

కొలత మల్ అంటే దాదాపు 18 లీటర్లు, పది ‘త్వే’లు. ‘త్వేతో ఇచ్చి మల్‌తో పుచ్చుకున్నాడు’ అంటే చిన్న దెబ్బ కొట్టి పెద్ద దెబ్బ తిన్నాడని. వారాంతం, సంవత్సరాంతం లాంటి పదాల్లో వచ్చే మల్ చైనా నుంచి వచ్చిన వేరే పదం. దాని అర్థం చివర.

1988 నాటి ప్రామాణిక ఉచ్చారణ నియమాల ప్రకారం మాటను దీర్ఘంగా, గుర్రాన్ని హ్రస్వంగా పలకాలి. సియోల్ కుర్రకారు అదేమీ పట్టించుకోరు. ఆగ్నేయాన క్యోంగ్‌సాంగ్ ప్రాంతంలో మాత్రం స్వరభేదం ఇంకా వినిపిస్తుంది. మిగతా చాలాచోట్ల పక్కన ఉండే పదాలే ఆధారం. ‘మల్ హన్ మారి’ అంటే ఒక గుర్రం, ‘మల్ హన్ మాది’ అంటే ఒక్క మాట, ‘స్సల్ హన్ మల్’ అంటే ఒక మల్ బియ్యం.