ఉప్పు ముందు రాలిపోయిన హల్లు

‘క్రొత్త’ అని రాయాలా, ‘కొత్త’ చాలా అన్న తగువు లేచినప్పుడల్లా, రకారం మింగేసి భాషను పాడుచేశారని ఎవరో ఒకరు నిట్టూరుస్తారు. ఈ నిట్టూర్పు పాతదే. పందొమ్మిదో శతాబ్దంలో జర్మన్ పండితుడు ష్లైహర్ భాషను ప్రాణితో పోల్చాడు: పుడుతుంది, ఎదుగుతుంది, ముసలిదై పోతుంది.

జర్మనీలోని లైప్‌జిగ్‌లో ఉన్న కుర్ర భాషావేత్తలు దీన్ని ఒప్పుకోలేదు. ధ్వనుల మార్పుకు నియమాలున్నాయనీ, వాటికి మినహాయింపుల్లేవనీ 1878లో ఓస్ట్‌హోఫ్, బ్రుగ్‌మన్ ప్రకటించారు. ఒక ధ్వని మారితే అదే పరిస్థితిలో ఉన్న మాటలన్నీ మారాలి. మారని మాట తగిలితే? అది వేరే భాష నుంచి అరువొచ్చిన మాట అనో, మరో మాటను చూసి అలా అయిందనో అనేవారు. చేతికందిన జవాబే అనుకోండి.

1969లో విలియం వాంగ్ అనే భాషావేత్త వేరే దారి చూపాడు. మార్పు ఒక మాట నుంచి ఇంకో మాటకు పాకుతుంది. మధ్యలో మరో మార్పు అడ్డొస్తే కొన్ని మాటలు అలాగే మిగిలిపోతాయి. దీనికి ద్రావిడ భాషల నుంచి సాక్ష్యం తెచ్చినవారు భద్రిరాజు కృష్ణమూర్తి. తమిళంలో ఉరల్, మనకు రోలు. అక్కడ ఇరండు, ఇక్కడ రెండు. అక్కడ మరం, ఇక్కడ మ్రాను, ఆ పైన మాను. (తమిళం నుంచి వచ్చాయని కాదు సుమా, పాత రూపం అక్కడ నిలిచింది, అంతే.) మాట మొదటి అచ్చు, దాని వెనక హల్లు చోటు మార్చుకునే ఈ అలవాటు తెలుగుకు దగ్గరి చుట్టాలైన గోండీ, కొండ, కువి భాషల్లోనూ ఉంది. కానీ అన్నిట్లో అవే మాటలకు తగల్లేదు. ఈ లెక్కలన్నీ 1978లో ఆయన వ్యాసంగా వచ్చాయి.

ఎలా మారుతుందన్నది ఒక ఎత్తు, ఎందుకు మారుతుందన్నది ఇంకో ఎత్తు. అమెరికాలోని మార్థాస్ వినియర్డ్ దీవిలో, వేసవి విడిదికొచ్చే జనం మీద విసుగున్న స్థానికులు తమ అచ్చుల యాసను ఇంకాస్త గట్టిగా పట్టుకున్నారని 1963లో భాషావేత్త లబోవ్ చూపించాడు. వాళ్లలో జాలర్లు ముందున్నారు.

గోండీలో ఉప్పును ఒకచోట సోవర్ అంటారు, ఇంకోచోట హోవర్, మరోచోట ఓవర్. సకారం హకారమై, చివరికి ఏమీ లేకుండా పోవడం అక్కడి ఊళ్ల మాటల్లోనే కనబడుతుంది. మాట మాటకూ పాకుతూనే ఈ మార్పు చివరికి నియమంగా స్థిరపడగలదని 1998లో కృష్ణమూర్తి రాశారు. అలా ఆయన లైప్‌జిగ్ వాళ్లకూ వాంగ్‌కూ రాజీ కుదిర్చినట్టే. మన ఉప్పూ అలా హల్లు రాల్చుకున్నదే. గోండీలో సారుంగ్ అనే అంకె మనకు ఆరు. ఈ మాటల మొదట పాతకాలంలో ఉన్నది చకారం, గోండీ సకారం దాన్నుంచి వచ్చిందే. ‘చావు’లో మాత్రం ఆ చకారం ఇంకా ఉంది.