జీరో డ్యూటీ ఉంది కదా అన్నా!

పోయిన వారం మళ్లీ అదే ఫోన్. బ్రిటన్‌లోని బర్మింగ్‌హామ్‌లో కిరాణా హోల్‌సేల్ చేసే మనవాడొకడు ఐర్లండ్ రాజధాని డబ్లిన్‌లోని ఒక షాపుకి ఆరు ప్యాలెట్లు (చెక్క పలకల మీద పేర్చి కట్టిన సరుకు) పంపాడు. సోనామసూరి బియ్యం, కారం, పచ్చళ్లు. అక్కడ డ్యూటీ, అంటే దిగుమతి సుంకం, కట్టమన్నారట. బ్రెగ్జిట్‌తో బ్రిటన్ యూరోపియన్ యూనియన్ (ఈయూ) నుంచి బయటికొచ్చింది, ఐర్లండ్ ఇంకా అందులోనే ఉంది. "అదేంటన్నా, బ్రెగ్జిట్ అయినా ఈయూతో ఫ్రీ ట్రేడ్ డీల్ ఉంది కదా? జీరో డ్యూటీ అన్నారు కదా? మనల్ని చూసి మోసం చేస్తున్నారా?" అంటుంటే గొంతులో టెన్షన్ తెలుస్తోంది.

మోసం లేదు, పాడూ లేదు. ఇక్కడ బ్రిటన్‌లో కస్టమ్స్ క్లియరెన్స్ పనిలో ఉన్న నేను 2021 జనవరి నుంచి ఈ ఒక్క ప్రశ్నకే ఎన్నిసార్లు జవాబు చెప్పానో లెక్క లేదు.

అపోహ: డీల్ ఉంది కాబట్టి బ్రిటన్ నుంచి ఈయూకి ఏం పంపినా డ్యూటీ ఉండదు.

వాస్తవం: సరుకు ఎక్కడ నుంచి బయల్దేరింది అన్నది కాదు, ఎక్కడ తయారైంది అన్నదే లెక్క. 2020 డిసెంబర్ 24న కుదిరిన ఒప్పందంలో జీరో డ్యూటీ నిజమే. కానీ అది రూల్స్ ఆఫ్ ఆరిజిన్‌కి (సరుకు ఏ దేశంలో తయారైందో తేల్చే నియమాలకి) నిలబడే సరుకుకే. మన బియ్యం ఫెలిక్స్‌స్టో పోర్టులో దిగి, ఇక్కడి డ్యూటీ కట్టి, పది కిలోల సంచుల్లోకి మారి డబ్లిన్ వెళ్లినా అది ఇండియా బియ్యమే. సంచి మీద బర్మింగ్‌హామ్ అడ్రస్ అచ్చేసినా అంతే. ప్యాకింగ్, లేబుల్ అంటించడం, జల్లించడం తయారీ కిందికి రావు. ఆఖరికి బ్రౌన్ రైస్ తెచ్చి ఇక్కడే పాలిష్ పట్టినా రాదు! కాబట్టి అక్కడ మళ్లీ డ్యూటీ పడుతుంది. పాలిష్ బియ్యానికి ఈయూ డ్యూటీ టన్నుకు వంద యూరోలు దాటుతుంది. రెండు చోట్లా కట్టాక కిరాణా వ్యాపారంలో ఇంకేం మిగులుతుంది?

2020 డిసెంబర్ 31 దాకా ఈ గొడవ లేదు. అప్పటిదాకా బ్రిటన్ కూడా ఉన్న కస్టమ్స్ యూనియన్‌లో (లోపల దేశాల మధ్య డ్యూటీ లేని ఏర్పాటు) ఒక్క చోట డ్యూటీ కట్టి లోపలికి వస్తే చాలు, తర్వాత ఆ సరుకు ఎటు తిరిగినా పుట్టిన ఊరు ఎవరూ అడగరు. ఫ్రీ ట్రేడ్ డీల్ అలా కాదు, సరిహద్దు దాటిన ప్రతిసారీ అడుగుతుంది. ఇది మన సరుక్కే వచ్చిన కష్టమూ కాదు. మార్క్స్ అండ్ స్పెన్సర్ అమ్మే పెర్సీ పిగ్ మిఠాయిలు జర్మనీలో తయారవుతాయి. అవి బ్రిటన్ వచ్చి మళ్లీ ఐర్లండ్ వెళ్లాలంటే డ్యూటీ చిక్కు వచ్చిందని 2021 జనవరిలో ఆ కంపెనీయే చెప్పింది. ఈయూలో పుట్టి ఈయూకే వెళ్తున్న మిఠాయికి!

నేనేమీ పుట్టుకతోనే నేర్చుకుని రాలేదు. 2021 మొదటి వారంలో ఒక కస్టమర్ చీరల పార్సిళ్లకి, స్టాక్ ఇక్కడిదే కదా అని ఇన్వాయిస్‌లో ఆరిజిన్ యూకే అని రాయించాను. అవతలి ఏజెంట్ ఫోన్ చేసి, "డబ్బా మీద ధర్మవరం అని ఉంది, అది బ్రిటన్‌లో ఏ కౌంటీ?" అని అడిగాడు. ఆ రోజు నవ్వి ఊరుకున్నాడు కాబట్టి సరిపోయింది. తప్పుడు ఆరిజిన్ తర్వాత బయటపడితే, ఎగ్గొట్టిన డ్యూటీని మామూలుగా మూడేళ్ల వెనక్కి వెళ్లి మరీ వసూలు చేయొచ్చు. బిల్లు వెళ్లేది డబ్లిన్‌లో సరుకు దింపుకున్నవాడికి. అందుకే "యూకే అని రాసేయండి, ఎవరు చూస్తారు" అని గ్రూపుల్లో సలహాలిచ్చేవాళ్లని చూస్తే ఒళ్లు మండుతుంది.

డీల్ ఉంటే కాగితాలు అక్కర్లేదన్నది ఇంకో అపోహ. జీరో డ్యూటీ సరుకుకీ కస్టమ్స్ డిక్లరేషన్ ఉండాల్సిందే. పది మంది సరుకు కలిపి వెళ్లే లారీలో ఒక్క నెయ్యి ప్యాలెట్‌కి హెల్త్ సర్టిఫికెట్ లేకపోతే మిగతా తొమ్మిది మందీ ఆగుతారు. కాగితం ఖర్చు ఫుల్ కంటైనర్‌కీ ఒక ప్యాలెట్‌కీ దాదాపు ఒకటే, అందుకే చిన్నవాళ్లే ముందు నలిగారు. అన్నట్టు, డబ్లిన్‌లో ఉన్న చెల్లికి పోస్టులో పాలకోవా పంపకండి. పాల పదార్థాలు రానివ్వరు.

బ్రెగ్జిట్‌తో బ్రిటన్ ఎకానమీ 4 శాతం పడిపోయిందని ఇంకో ఫార్వర్డ్. బ్రిటన్ బడ్జెట్ అంచనాల సంస్థ ఓబీఆర్ చెప్పింది అది కాదు. ఈయూలోనే ఉండి ఉంటే ఎంత ఉండేదో దానితో పోలిస్తే దీర్ఘకాలంలో ఉత్పాదకత 4 శాతం, ఎగుమతులూ దిగుమతులూ 15 శాతం తక్కువ ఉంటాయని దాని అంచనా. ఇది ఒక్క రోజులో కూలడం కాదు, నెమ్మదిగా కారిపోవడం.

2025 మే 19న లండన్‌లో బ్రిటన్, ఈయూ రెండు పక్షాలూ కూర్చున్నాయి కాబట్టి పాత రోజులు వచ్చేస్తున్నాయా? ఆ రోజు అనుకున్నవాటిలో మనకి సంబంధించింది ఆహార తనిఖీలు తగ్గించే ఒప్పందం చేసుకుందామన్నది. దానితో కస్టమ్స్ యూనియన్ తిరిగి రాదు, బియ్యం పుట్టిన ఊరు మారదు.

ఫోన్ చేసిన తమ్ముడు ఆ ఆరు ప్యాలెట్లకీ డ్యూటీ కట్టేశాడు, వేరే దారి లేదు. అతని తర్వాతి కంటైనర్ ఇంకా సముద్రం మీదే ఉంది. డబ్లిన్ వాటా ఎంతో ఇప్పుడే లెక్క తేల్చి, దాన్ని ఇక్కడ డ్యూటీ కట్టకుండా బాండెడ్ గోదాములో (కస్టమ్స్ అనుమతితో డ్యూటీ కట్టని సరుకు ఉంచే చోట) పెట్టి, ట్రాన్సిట్ కాగితం (సరుకు ఈ దేశం దాటిపోతోందని చెప్పే కాగితం) మీద పంపమన్నాను. అప్పుడు డ్యూటీ ఒక్క డబ్లిన్‌లోనే. "మరి ఇది ముందే ఎవరూ చెప్పలేదేంటన్నా?" అన్నాడు. కమోడిటీ కోడ్‌లు (సరుకు రకాన్ని చెప్పే కస్టమ్స్ నంబర్లు) పంపమని చెప్పి ఫోన్ పెట్టేశాను.